చెప్పి ఆగేది, చెప్పకుండా ఆగేది

శ్రీకాళహస్తిలో మాడవీధులకు దగ్గరగా, కలంకారీ పని చేసే ఒక ఇంట్లో, రంగు మరకల దుప్పటి కింద ఒక కంప్యూటర్ కొన్నేళ్లుగా ముసుగు తన్ని పడుకుంది. 2008లో చెన్నై రిచీ స్ట్రీట్‌లో భాగాలు కొని, అక్కడే బిగించుకుని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన పెట్టె అది. కోర్ టూ డుయో ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్‌లు రెండు, 160 జీబీ హార్డ్ డిస్క్, లోపల విండోస్ ఎక్స్‌పీ. ఆ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8నే నీళ్లొదిలేసింది. ఇంటి పిల్ల ఇంటర్ చదువుతోంది. లైనక్స్ వేస్తే పాత పెట్టె కూడా నడుస్తుందని, తెలుగులో టైప్ చేసుకోవచ్చని ఎవరో చెప్పారు. పాత సామాన్ల బండికి వేసేముందు ఒకసారి చూడమని ఈ కాలమ్ రాసే మనిషికి కబురు పెట్టారు. ఆయన ఆదివారం పొద్దున పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని, మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తానని ఇంట్లో చెప్పి బయల్దేరాడు.

భోజనం అక్కడే చేశాడు. రాత్రిది కూడా.

మొదటిసారి ఇన్‌స్టలేషన్ 38 శాతం దగ్గర బిగుసుకుపోయింది. మౌస్ బాణం ఎక్కడిదక్కడే. రెండోసారి 71 దాకా వెళ్లి ఆశపెట్టి ఆగింది. మూడోసారి అసలు డెస్క్‌టాప్ బొమ్మే పూర్తిగా రాలేదు, కీబోర్డు మీద క్యాప్స్ లాక్ దీపం మాత్రం మిణుకు మిణుకుమంటోంది. “మళ్లా ఆగిపోయిండాదన్నా,” అంది పిల్ల, ఆ దీపాన్ని చూపిస్తూ.

ఆ మిణుకు చిన్న విషయం కాదు. లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ ఇక ముందుకు పోలేనని చేతులెత్తేయడాన్ని కెర్నెల్ ప్యానిక్ అంటారు. తెర మీద బొమ్మలు పరిచి ఉన్నప్పుడు ఆ మాట చెప్పుకోవడానికి దానికి చోటు దొరకదు. అందుకని కీబోర్డు దీపం కొట్టి పిలుస్తుంది. గుండ్రటి పిన్ను ఉండే పాత కీబోర్డులోనే ఈ సౌకర్యం, యూఎస్‌బీ కీబోర్డుకి లేదు. ఈమధ్య వచ్చిన 6.12 కెర్నెల్‌లో తెర మీద క్యూఆర్ కోడ్ వేసి మరీ కారణం చెప్పే ఏర్పాటు చేశారు. ఫోన్‌తో స్కాన్ చేస్తే చివరి మాటలు చదువుకోవచ్చు. 2008 నాటి పెట్టెకి దీపమే గతి.

ఇక్కడిదాకా వచ్చాక చాలామంది చేసే పని, ఈ మనిషి కూడా ఏళ్ల తరబడి చేసిన పని ఏమిటంటే, వేరే లైనక్స్ వెతకడం. ఉబుంటు పడలేదా, మింట్ వేద్దాం. మింట్ పడలేదా, పప్పీ వేద్దాం. డౌన్‌లోడ్‌లకే రెండు రోజులు. జ్వరం తగ్గలేదని థర్మామీటర్లు మార్చుకుంటూ పోవడం లాంటిది ఇది. ఇంత తిరిగాక ఆయనకి అబ్బిన విద్యంతా ఒకే ప్రశ్న: ప్రతిసారీ ఒకేచోట ఆగుతోందా, ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతోందా?

ఒకేచోట ఆగితే తప్పు ఎక్కువగా సాఫ్ట్‌వేర్‌ది. దిగిన ఫైలు పాడై ఉండొచ్చు, ఆ యంత్రానికి ఆ కెర్నెల్ సరిపోక ఉండొచ్చు. 32 బిట్ ప్రాసెసర్ మీద 64 బిట్ లైనక్స్ పెడితే మొదటి అడుగులోనే, ఎన్నిసార్లు పెట్టినా అదే మాట చెప్పి ఆగుతుంది. 38, 71, సున్నా అంటూ తిరుగుతోందంటే మాత్రం యంత్రాన్నే అనుమానించాలి. ర్యామ్, వేడి, కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్, హార్డ్ డిస్క్ వైరు, వీటిలో ఏదో ఒకటి. అందులోనూ మళ్లీ తేడా ఉంది. దీపం కొట్టో, తెర మీద నాలుగు ముక్కలు రాసో ఆగితే కెర్నెల్ ఇంకా బతికి ఉండి చెప్పినట్టు. టప్పున స్విచ్ తీసేసినట్టు ఆరిపోతే అది వేడి, లేదంటే కరెంటు. మే నెలలో శ్రీకాళహస్తి ఎండకి పదిహేనేళ్ల దుమ్ము పట్టిన ఫ్యాను, ఎండి పొలుసులు లేచిన థర్మల్ పేస్టు తోడైతే ఏ ప్రాసెసరైనా తనను తాను కాపాడుకోవడానికి ఆరిపోతుంది. ఈ పెట్టె చెప్పి ఆగేరకం.

ముందు పెన్‌డ్రైవ్‌లోని ఫైలును చూశారు. లైనక్స్ ఇచ్చేవాళ్లు ప్రతి ఫైలుకీ ఒక పొడుగాటి షా-256 సంఖ్య ప్రకటిస్తారు. దిగిన ఫైలుకి లెక్క కట్టి, రెండూ అక్షరం పొల్లుపోకుండా కలిస్తేనే అది సరైన ఫైలు. కలిసింది. తరువాత మెమ్‌టెస్ట్86 ప్లస్. ఇది ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండానే నడిచి, ర్యామ్‌లోని ప్రతి గడిలో ఒక సంఖ్య రాసి, మళ్లీ చదివి, రాసిందే వచ్చిందా అని చూసుకునే చిన్న ప్రోగ్రామ్. పన్నెండో నిమిషంలో ఎర్ర వరస ఒకటి పడింది. తరువాత వరసగా పడ్డాయి.

పక్కన కూర్చుని బట్టకు అంచు గీస్తున్న ఇంటాయన తలెత్తకుండానే అన్నాడు. “అంటే గుడ్డకే పాలు సరిగ్గా పట్టలేదు. కలం తప్పు కాదన్నమాట.”

శ్రీకాళహస్తి కలంకారీ తెలిసినవాళ్లకి ఇంతకంటే వివరణ అక్కర్లేదు. బట్టను ముందు కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఎండబెడతారు. కరక్కాయ వల్లే ఇనుపముక్కలూ బెల్లం నానబెట్టిన నీళ్లు బట్ట మీద నల్లగా తేలతాయి. పాలలోని కొవ్వు వల్ల గీత పాకిపోకుండా గీసినచోటే నిలుస్తుంది. ఆ మొదటి పని ఒకచోట తక్కువైతే, ఎంత చేయి తిరిగినవాడు గీసినా అక్కడ నలుపు పాకిపోతుంది. చెడింది మొదటిరోజు, కనబడేది పదోరోజు. ఇన్‌స్టలేషన్ కూడా అంతే. పెన్‌డ్రైవ్ నుంచి వచ్చే ప్రతి ముక్కా ర్యామ్ మీదుగానే డిస్కుకి వెళ్లాలి. ఆ దారిలో ఒక్క బిట్టు తిరగబడితే, ఫలానా ప్యాకేజీ పాడైందనో ఫలానా ఫైలు రాయలేకపోయాననో కంప్యూటర్ ఫిర్యాదు చేస్తుంది గాని ర్యామ్ పేరెత్తదు.

రెండు ర్యామ్‌లనూ తీసి, రాగి పళ్లను పిల్ల పెన్సిల్ రబ్బరుతో తుడిచారు. మనదేశంలో సగం కంప్యూటర్లు ఈ వైద్యంతోనే బతుకుతున్నాయి. ఇది బతకలేదు. అప్పుడు ఒక ర్యామ్ మాత్రమే పెట్టి చూశారు. ఎర్ర వరస లేదు. దాన్ని తీసి, అదే గాడిలో రెండోది పెట్టారు. ఎర్ర వరస. అదే రెండోదాన్ని పక్క గాడిలోకి మార్చారు. మళ్లీ ఎర్రే. ఇంటాయనకి విసుగొచ్చింది, రెండూ ఒకేసారి మార్చి చూడొచ్చు గదా అని. మార్చొచ్చు. బాగైతే మాత్రం ర్యామ్ వల్లా గాడి వల్లా అన్నది ఎప్పటికీ తెలియదు. ఒకసారికి ఒక్కటే మార్చాలన్న నియమం చెప్పడానికి తేలిక. ఆకలేస్తున్నప్పుడు పాటించడం కష్టం.

ఇక్కడే పిల్ల ఒక ప్రశ్న వేసింది, క్రాష్‌ని తెలుగులో ఏమంటారని. వాళ్ల నాన్న “కూలిపోవడం” అన్నాడు, అని ఆగాడు. ఆ ఊళ్లో ఆ మాట అనగానే ఎవరికైనా 2010 మే 26 రాత్రి గుర్తొస్తుంది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం ఆ రాత్రి కూలింది. పగుళ్లు ముందే కనిపించడంతో చుట్టుపక్కల జనాన్ని పంపించేశారు, ప్రాణనష్టం జరగలేదు. కొత్త గోపురం 2017లో తయారైంది. ఎందుకు కూలిందని ఊరంతా చాన్నాళ్లు వాదులాడింది: ఒకరు వయసన్నారు, ఒకరు పునాదన్నారు, ఒకరు బోర్లన్నారు. పగుళ్ల విషయంలో మాత్రం వాదన లేదు, చాలామంది కళ్లతో చూశారు.

కంప్యూటర్‌లో ఆ పగుళ్లు కనిపించేచోటు, అది జరిగిందల్లా రాసుకునే లాగ్. పెన్‌డ్రైవ్ నుంచి నడిచే లైనక్స్ తన లాగ్‌ని ర్యామ్‌లోనే ఉంచుకుంటుంది, పెట్టె ఆపితే అదీ పోతుంది. కాబట్టి బిగుసుకుపోయిన తెరను రీస్టార్ట్ చేసేముందు ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. పిల్లకి ఆ పని అప్పగిస్తే, ఫొటోతోపాటు ఒక నోటుబుక్కు కూడా తెరిచింది. తేదీ, టైము, ఏమి మార్చాం, ఎక్కడ ఆగింది. కెమిస్ట్రీ రికార్డు రాసే చేయి గదా, గళ్లు కూడా స్కేలు పెట్టి గీసింది.

మిగిలింది 1 జీబీ. దానితో ఇన్‌స్టలేషన్ మొదలుపెడితే ఈసారి కొత్త వింత. బిగుసుకుపోలేదు, దీపం కొట్టలేదు. ఇన్‌స్టలేషన్ విండో మాయమైంది. మళ్లీ తెరిస్తే మళ్లీ అక్కడే మాయం. నోటుబుక్కులో రెండు గళ్లలోనూ ఒకటే మాట పడింది, “డిస్కు భాగాలు చేసేటప్పుడు.” ఒకేచోట ఆగుతోంది, అంటే యంత్రం కాదు. పెన్‌డ్రైవ్ నుంచి పూర్తి డెస్క్‌టాప్ నడిపిస్తూ దాని మీద ఇన్‌స్టాలర్‌ని తెరిస్తే 1 జీబీ చాలదు. చోటు అయిపోతే, అంతా కూలకుండా ఉండటానికి కెర్నెల్ బాగా లావుగా ఉన్న ప్రోగ్రామ్‌ని వెతికి చంపేస్తుంది. ఆ సమయానికి అందరికంటే లావుగా ఉన్నది ఇన్‌స్టాలరే. డెబియన్ వాళ్లు బొమ్మలు లేకుండా అక్షరాలతోనే నడిచే ఇన్‌స్టాలర్ ఇస్తారు. నీలం తెర, బూడిదరంగు పెట్టె, బాణం కీలు. చూడ్డానికి పాతకాలం బ్యాంకు కంప్యూటర్‌లా ఉంటుంది. నలభై నిమిషాల్లో అయిపోయింది.

పాత కంప్యూటర్‌కి లైనక్స్ వేస్తే కొత్తదైపోతుందనే మాట ఈ కాలమ్ రాసే మనిషికి అంతగా రుచించదు. లైనక్స్ తేలికే. దాని మీద తెరిచే బ్రౌజర్ తేలిక కాదు. 1 జీబీలో నాలుగు ట్యాబులు తెరిస్తే ఏ ఆపరేటింగ్ సిస్టమైనా రొప్పుతుంది. పైగా లైనక్స్ తలుపు కూడా నిదానంగా మూసుకుంటోంది. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఏ 386 చిప్ మీద లైనక్స్ మొదలుపెట్టాడో, ఆ చిప్‌నే 2013లో వచ్చిన 3.8 కెర్నెల్‌లో వదిలేశారు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కి 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు. ఇటువైపు అదే ఏడాది అక్టోబర్ 14న విండోస్ 10 గడువు తీరింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేని మంచి పెట్టెలు ఇళ్లలో ఎన్నో ఉన్నాయి. లైనక్స్‌కి అసలైన గిరాకీ వాటిది, 2008 నాటి పెట్టెది కాదు. అయినా ఎవరి పెట్టె వాళ్లకి ముద్దు.

బయాస్‌లో గడియారం మాత్రం 2008 జనవరి 1 దగ్గరే కూర్చుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ చచ్చిపోయింది. గడియారం వెనకబడితే బ్రౌజర్ ఏ సైటునూ నమ్మదు, దాని సర్టిఫికెట్ ఇంకా పుట్టలేదంటుంది. లైనక్స్ చెడిపోయిందని జనం దీన్ని చూసే పెట్టె మళ్లీ ఫార్మాట్ చేస్తారు. వాచీలు బాగుచేసే అంగట్లో ఆ బిళ్ల దొరికింది. ర్యామ్‌ది అంత తేలిక కాదు. డీడీఆర్2 ఇప్పుడు కొత్తది కష్టం, మళ్లీ రిచీ స్ట్రీట్‌కే పోయి పాతదాన్ని వెతకాలి.

తెలుగుకి ఇబ్బంది పడలేదు. 2005 నుంచి హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ, చెన్నైలో బాస్ లైనక్స్ తయారుచేసిన సీడాక్, ఇంకా పేరు తెలియని ఎందరో చేసిన పని ఈ పెట్టెలోకి ఉచితంగా వచ్చి కూర్చుంది. తిరుమల కృష్ణదేశికాచార్యులు తయారుచేసిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్ ప్యాకేజీల్లోనే ఉన్నాయి. సిలికానాంధ్ర విడుదల చేసిన ఫాంట్లలో ధూర్జటి అని ఒకటుంది. శ్రీకాళహస్తీశ్వరుడి మీద శతకం రాసినాయన పేరే గదా, పిల్ల ముందు దాన్నే అడిగింది. ఊరి పేరు టైప్ చేసి, “స్తి”లో తవత్తు సరిగ్గా కిందకి దిగిందో లేదో తెరకి ముక్కు ఆనించి చూసింది. దిగింది.

అప్‌డేట్‌లు పెట్టి, ఈ కాలమ్ రాసే మనిషి చెప్పులేసుకున్నాడు. సందు చివరికి వచ్చేసరికి వీధి దీపాలు ఆరాయి. ఇళ్లన్నీ చీకటి. ఆ ఇంట్లో యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో పోయింది. ప్యాకేజీలు విప్పి సర్దుకుంటున్న సమయంలో కరెంటు పోతే డెబియన్ సగంలో ఆగుతుంది. అయితే ఎక్కడ ఆగిందో రాసిపెట్టుకుంటుంది, ఒక్క కమాండ్‌తో అక్కడినుంచి అందుకోవచ్చు. ఆ సంగతి చెబుదామని వెనక్కి తిరిగి వచ్చాడు. లోపల సెల్‌ఫోన్ లైటు వెలుగుతోంది. పిల్ల నోటుబుక్కులో కొత్త గడి గీస్తోంది: రాత్రి 9:10, అప్‌డేట్ 64 శాతం, ఏమీ చెప్పకుండా ఆగింది. కారణం అన్నచోట, “ఊరంతా.”