గుల్లలోని సముద్రం

పులికాట్ సరస్సు అడుగు బురదలోంచి గుల్ల తవ్వి సున్నపు బట్టీలకు అందించినవాళ్ల పనితనం తక్కువది కాదు. నీళ్ల కింద కనపడని పొరను చేత్తో, కాలితో తడిమి పట్టాలి మరి.

భూగర్భశాస్త్రవేత్తకూ అదే గుల్ల కావాలి, చూపే వేరు. రెండు చిప్పలూ మూసుకునే ఉంటే ఆ జీవి చచ్చింది అక్కడే, బురద కప్పేసింది. అంచులరిగిన ఒంటి చిప్ప అయితే అలలు ఈడ్చుకొచ్చిన సరుకు. ఒకదానికొకటి అతుక్కున్న ఆల్చిప్పల గుత్తి దొరికిందా, ఏటినీరూ ఉప్పునీరూ కలిసిన చోటు కావచ్చు. బరమాతో తొలిచినట్టుండే గుండ్రటి బెజ్జం మాత్రం వేటాడే నత్త పని. నాకు అన్నిటికన్నా అదే ముచ్చట! వయసు సంగతి కార్బన్-14 చెబుతుంది, 5,730 ఏళ్లకోసారి అది సగానికి తరుగుతుంది గనుక.

ఇంత కథా బట్టీలో కాలి, ఎవరి గోడకో తెల్లగా అంటుకుంది.