మైకు ముందు మెత్తని గొంతు

కోహెడలో మా బడి పిల్లలు మైకును పెదవులకు ఆనించి, గాలి కలిపిన గొంతుతో పాడుతున్నారు. "అన్నం తినలేదా, గొంతు విప్పి పాడు" అని కసిరినవాళ్లమే మేమూ.

1955 నాటి 'మిస్సమ్మ'లో ఏ.ఎం. రాజా పాటలు మళ్లీ విన్నాక తగ్గాం. సాలూరి రాజేశ్వరరావు బాణీల్లో ఆయన గొంతు పెంచకుండానే పాడతాడు. అయినా ఒక్క అక్షరం జారదు. మెత్తదనం వేరు, గాలి వేరు. స్వరతంత్రులు సరిగా కలవకపోతే ఊపిరి వృథాగా పోయి, పాదం సగంలోనే తెగుతుంది. 'పలుకు' కాస్తా 'ఫలుకు' అవుతుంది. ఒక్క మాటకు రంగుగా వాడితే బాగుండేదాన్ని మా పిల్లలు పాటంతా పూస్తున్నారు.

డోలు ముందు ఈ గొంతు నిలవదు. 2022లో పద్మశ్రీ పొందిన సకిని రామచంద్రయ్య కంచుమేళం మోతలో కోయల కథలు పాడినవాడు; అక్కడ మాట మోతను దాటాలి. అట్లని మనకు మెత్తని పాట లేదా? ఊయల దగ్గర అమ్మలు పాడేది ఏమిటి? దాన్ని వేదిక ఎక్కించనిది మేమే. అందుకే పిల్లలకు ఆ గొంతు సినిమాదే అనిపించింది.

ఇప్పుడు మైకును జానెడు దూరం జరిపి ఒక లాలిపాట నేర్పిస్తున్నాం. చివరి అక్షరాలు ఇంకా మింగుతున్నారు.