ఆఫీసుకీ ట్రాక్‌కీ అవే బ్రేకులు

రేసు ట్రాక్ మీద సొంత కారు తొలిసారి తోలి వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "పెద్ద బ్రేకులు వేయించమంటారా?" వద్దంటాను. ముందు బ్రేక్ ఆయిల్ మార్చండి, తర్వాత ప్యాడ్లు మార్చండి, ఆ తర్వాత మీ కాలి అలవాటు మార్చుకోండి. అప్పటికీ చాలకపోతే క్యాలిపర్ల మాట ఎత్తుదాం. ఈ వరస తలకిందులు చేసి, లక్షలు పోసి ఎర్ర క్యాలిపర్లు బిగించుకుని, లోపల మాత్రం షోరూంలో పోసిన ఆయిలే ఉంచుకున్న కార్లు చూస్తే ఒళ్లు మండుతుంది.

చెన్నై శివార్లలో శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ చుట్టుకొలత దాదాపు 3.7 కిలోమీటర్లు. నెల్లూరు, తిరుపతి కుర్రాళ్లకి అది తెల్లవారుజామున బయల్దేరితే అందే దూరం. హైదరాబాద్ వాళ్లు ముందురోజే దారి పడతారు. అక్కడ మీ కారు బ్రేకుల మీద ఏం జరుగుతుందో లెక్క వేసి చూడండి. 1200 కిలోల కారు గంటకు 150 వేగంలో వస్తూ మలుపు ముందు 60కి దిగింది. పోయిన శక్తి సుమారు 8.75 లక్షల జౌళ్లు. మూడు లీటర్ల కుళాయి నీళ్లను మరిగించేంత వేడి, మూడు సెకన్లలో! కొంత గాలి తీసుకుంటుంది, కొంత టైర్లు తీసుకుంటాయి, సింహభాగం డిస్కులకే. ఊళ్లో సిగ్నల్ దగ్గర 50 నుంచి ఆగితే ఇందులో ఏడో వంతు కూడా ఉండదు, పైగా మళ్లీ గ్రీన్ పడేదాకా డిస్కులకి విశ్రాంతి. ట్రాక్ మీద ఆ విశ్రాంతి లేదు. ఒక మలుపు వేడి చల్లారేలోగా ఇంకో మలుపు.

అందుకే మొదటి బ్రేకుకీ పదో బ్రేకుకీ తేడా. మొదటిసారి గట్టిగా తొక్కితే ఏ మామూలు కారైనా ఏబీఎస్ దాకా పోతుంది. ఏబీఎస్ కొట్టుకుందంటే చక్రాన్ని పట్టే సత్తా బ్రేకుకి ఉంది, రోడ్డును పట్టే సత్తా టైరుకే చాలలేదన్నమాట. ఆరు పిస్టన్ల క్యాలిపర్ వేసినా ఆ మొదటి బ్రేకులో కారు ఒక్క అడుగు ముందు ఆగదు. పెద్ద బ్రేకులు కొనిపెట్టేది వేడిని తట్టుకునే ఓపికని. ఆ ఓపికని ముందు చవగ్గా సంపాదించే దారి ఉంది.

బ్రేకులు చేతులెత్తేయడం రెండు రకాలు. పెడల్ గట్టిగానే ఉంటుంది గానీ కారు ఆగదు: ప్యాడ్ తన వేడి హద్దు దాటిపోయింది. పెడల్ మెత్తబడి నేలదాకా పోతుంది: ఆయిల్ మరిగింది, గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరాయి, మీ కాలి బలమంతా ఆ బుడగల్ని నొక్కడానికే సరిపోతోంది. రెండోది ప్రాణాంతకం, చెప్పాపెట్టకుండా వస్తుంది. కారు నిండా జనంతో తిరుమల ఘాట్ దిగుతూ, గేర్ తగ్గించకుండా కొండంతా బ్రేకు మీదే దిగినవాళ్లకి బ్రేకులు మాడే వాసన తెలుసు.

ఇప్పుడు ఆయిల్ సంగతి. డాట్ 3 రకం మరుగు పాయింటు కనీసం 205 డిగ్రీలు ఉండాలి, డాట్ 4 అయితే 230, డాట్ 5.1 అయితే 260. ఇవన్నీ డబ్బా తెరిచిన రోజు మాట. ఈ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. నీళ్లు చేరిన డాట్ 4 హద్దు 155కి పడిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో రెండేళ్లు ఆయిల్ మార్చకుండా ట్రాక్‌కి వెళ్లడమంటే నాకు భయం. మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 తాజాగా ఉన్నప్పుడు 312 డిగ్రీల దాకా నిలుస్తుంది. కాస్ట్రాల్ ఎస్‌ఆర్‌ఎఫ్ ఖరీదు చూస్తే గుండె జారుతుంది గానీ, తేమ చేరాక కూడా 270 దాకా మరగదు. డాట్ 5 అని ఉన్న సిలికాన్ రకం మాత్రం దగ్గరికి రానివ్వకండి, పేరు చూసి 5.1 అనుకుని పోసేవాళ్లున్నారు.

ఆయిల్ మార్చడం ఓ విద్య. విజయవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఓ పెద్దాయన చేతిలో అది చూడాలి. మన కార్లకి స్టీరింగ్ కుడివైపు కాబట్టి మాస్టర్ సిలిండర్ కూడా అటే. అందుకని మామూలుగా దూరాన ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలు. అయినా కారు మారితే వరస మారుతుందని మాన్యువల్ తిరగేయకుండా పానా పట్టడు. నిపిల్‌కి తెల్ల పైపు తగిలించి దాని కొసని సీసాలో ముంచుతాడు. లోపల కూర్చున్న కుర్రాడికి ఆయన కేక: "ఒరే, పంపు కొట్టమాక, నెమ్మదిగా తొక్కి పట్టుకో!" నిపిల్ పావు తిప్పు వదలడం, ఆయిల్ రావడం, బిగించడం, అప్పుడు "వదులు" అనడం. మధ్యమధ్య సుత్తి కర్రపిడితో క్యాలిపర్ ఒంటిమీద తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మూల దాక్కున్న బుడగని పైకి రప్పిస్తాడు. ఆయన చేయి పడ్డ కారు పెడల్ రాయిలా నిలుస్తుంది. అదే కారుని పెద్ద సర్వీస్ సెంటర్లో ఇస్తే మిషను పెట్టి పావుగంటలో పంపేస్తారు, పెడల్ అంగుళం దిగి ఉంటుంది.

ప్యాడ్ల దగ్గరికొస్తే నా పక్షపాతం దాచుకోను. నాది ఫెరోడో పక్షం. ఇంగ్లండులో డెర్బీషైర్ బండ్లవాళ్లు దిగుడు దారుల్లో చక్రాలకి పాత బూట్లు అడ్డం పెట్టడం చూసి హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన 1897లో మొదలుపెట్టిన కంపెనీ అది, కథ అలా చెబుతారు. వాళ్ల డీఎస్ 2500 అనే ప్యాడ్ రోడ్డు, ట్రాక్ రెండిటికీ పనికొచ్చే రకం. పొద్దున్న చల్లటి డిస్కు మీద కూడా పడుతుంది, 500 డిగ్రీల దాకా మాట తప్పదు. కీచుమంటుందా అంటే అప్పుడప్పుడూ అంటుంది, అననివ్వండి. అసలైన రేసు ప్యాడ్లు వేసి ఆఫీసుకి వెళ్లడం మాత్రం మూర్ఖత్వం: చల్లగా ఉన్నప్పుడు అవి సరిగా పట్టవు, స్కూటర్ అడ్డొచ్చినప్పుడు వాటిని వేడెక్కించే తీరిక ఎవరికీ ఉండదు. పైగా డిస్కుల్ని అరగదీసేస్తాయి.

ప్యాడ్ అంచు మీద చిన్న అచ్చు ఉంటుంది, చివర రెండు ఇంగ్లిష్ అక్షరాలు. మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడి మీద పట్టు. ఈ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.45 దాకా, జీ అంటే 0.55 దాకా. రెండో అక్షరం మొదటిదానికన్నా వెనకబడి ఉంటే ఆ ప్యాడ్ ట్రాక్‌కి పనికిరాదు.

కొత్త ప్యాడ్ వేయగానే పని అయిపోదు. వరసగా మధ్యస్థంగా బ్రేకు వేస్తూ, పూర్తిగా ఆగకుండా, వేడి పెంచుతూ పోయి, తర్వాత బ్రేకు ముట్టకుండా చల్లార్చాలి. అప్పుడు ప్యాడ్ పదార్థం డిస్కు మీద సమంగా పూత కడుతుంది. ఫోర్డ్ జీటీ40 రేసు జట్టులో పనిచేసిన కారల్ స్మిత్ ఈ మాట పదేపదే చెప్పాడు: డిస్కు వంకర పోయిందని జనం తిట్టే వణుకు చాలాసార్లు వంకర కాదు, సమంగా కట్టని పూత. మన మెకానిక్కులు ఆ వణుకు వినగానే డిస్కుని లేత్ ఎక్కిస్తారు. అయ్యో అనిపిస్తుంది.

డిస్కు చరిత్ర పెద్దగా చెప్పను. లాంచెస్టర్ అనే ఇంజనీరు 1902లోనే పేటెంట్ తీసుకున్నాడట. లోకానికి దాని విలువ తెలిసింది 1953 ల మాన్స్ రేసులో. జాగ్వార్ సి-టైపుకి డన్‌లప్ డిస్కులు. వాటిని ఆ స్థాయికి తెచ్చిన టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్‌కి చేతులెత్తి మొక్కాలి. డ్రమ్ముల ఫెరారీలు ముందే కాలు తీసి బ్రేకు తొక్కుతుంటే జాగ్వార్లు ఇంకా లోపలికి దూసుకుపోయాయి. రోల్ట్, హామిల్టన్ గంటకు వంద మైళ్ల సగటు దాటి గెలిచారు. ఆ రేసులో అది మొదటిసారి. (హామిల్టన్ తాగిన మత్తులో నడిపాడని ఓ కథ ఉంది, జట్టు మేనేజర్ కొట్టిపారేశాడు.) 1955లో మెర్సిడెస్ డ్రమ్ముల్ని ఆదుకోవడానికి కారు వెనక రెక్క లేపాల్సి వచ్చింది!

డ్రమ్ములంటే గుర్తొచ్చింది. మన ట్రాక్ కుర్రాళ్ల ముద్దుబిడ్డ పోలో జీటీ టీఎస్ఐకి వెనక డ్రమ్ములే. వాటిని విప్పి డిస్కులు వేయించాలని తహతహలాడతారు. బ్రేకు తొక్కగానే బరువు ముందుకి పడుతుంది, పనంతా ముందు చక్రాలదే. వెనక డ్రమ్ముల్ని వాటి మానాన వదిలేయండి. ఏబీఎస్ లెక్కలన్నీ కంపెనీ ముందు డిస్కు, వెనక డ్రమ్ము జోడీ కోసమే వేసింది. ముందు పెద్ద పిస్టన్లు, వెనక పాతవి పెడితే ముందు టైర్లు తొందరగా జారతాయి, ఆగే దూరం పెరిగినా పెరగొచ్చు. బండిలో మార్పులకి హద్దులు పెట్టే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా గుర్తుంచుకోండి. రంధ్రాల డిస్కులూ వద్దు: వేడెక్కి చల్లారి, రంధ్రం నుంచి రంధ్రానికి బీటలు పాకుతాయి. సాదా ఇనుప డిస్కు, మహా అయితే గాట్లు ఉన్నది. పోర్షే సెరామిక్ డిస్కులున్నవాళ్లలో కూడా ట్రాక్ పిచ్చోళ్లు వాటిని విప్పి అటక మీద పెట్టి ఇనుపవి బిగిస్తారు.

ఇంతకీ మీ డిస్కు ఎంత వేడెక్కుతోంది? రేసు జట్లు డిస్కు అంచున మూడు రంగుల గీతలు గీస్తాయి. పచ్చ 430 డిగ్రీల దగ్గర రంగు మారుతుంది, నారింజ 560 దగ్గర, ఎరుపు 610 దగ్గర. సెషన్ అయ్యాక చూస్తే ఏ ప్యాడ్ కొనాలో ఆ గీతలే చెబుతాయి. ఈ చిన్న సీసాల ఖర్చు పెట్టనివాళ్లు క్యాలిపర్ తొడుగులు మాత్రం కొంటారు!

ఆ తొడుగుల సంగతి తలచుకుంటే నాకు నిద్రపట్టదు. స్టాక్ క్యాలిపర్ మీద ఎర్ర రేకు అతికించి, దాని మీద ఓ ఇటాలియన్ కంపెనీ అక్షరాలు. గాలి తగలాల్సిన చోట మూత పెట్టి వేడిని దాచే పని అది. 1975లో ఫెరారీకి బ్రేకులిచ్చి ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన బ్రెంబో పేరుని స్టిక్కరు చేసి అమ్ముకుంటున్నారు. దాన్నైనా వికారమని వదిలేయొచ్చు, నకిలీ ప్యాడ్లని వదలలేం. ఓ స్నేహితుడి కారు నుంచి విప్పిన ప్యాడ్ నా బల్ల సొరుగులో ఉంది: డబ్బా అచ్చం అసలుదే, హోలోగ్రామూ ఉంది, అంచు మీద అక్షరాలు మాత్రం లేవు. రేకుకీ పదార్థానికీ మధ్య గోరు దూరేంత సందు. ఇంకో రెండు బ్రేకులకి ఊడొచ్చేది. దీన్ని అమ్మినవాడు దొంగ అనడం నాకు చాలదు. దయచేసి అధీకృత డీలర్ దగ్గరే కొనండి, బిల్లు అడగండి, పాత ప్యాడ్‌తో పక్కపక్కన పెట్టి చూడండి.

చివరగా కాలు. పాతకాలపు ఫార్ములా వన్ డ్రైవర్ జిమ్ క్లార్క్ ప్యాడ్లు మిగతా డ్రైవర్ల ప్యాడ్లకన్నా చాలాకాలం మన్నేవని ఆయన మెకానిక్కులు చెప్పుకునేవారు. 2018లో చైనా ఫార్ములా వన్ రేసులో రికార్డో ఎక్కడో వెనక నుంచి వచ్చి బొట్టాస్ పక్కన దూరిన ఆ బ్రేకు చూడండి, ఎంత లోతుకి తీసుకెళ్లాడో! మనవాళ్లు చేసేది దీనికి తలకిందులు: భయంతో ముందే తొక్కి, మెత్తగా, చాలాసేపు నొక్కి ఉంచుతారు. డిస్కుకి ఊపిరాడదు. ఒక్కసారి గట్టిగా, తక్కువసేపు, స్టీరింగ్ తిప్పుతున్న కొద్దీ కాలు సడలిస్తూ పోవాలి. ఈ ఒక్క అలవాటుతో మామూలు ప్యాడ్ కూడా ఇంకో రెండు ల్యాపులు నిలబడుతుంది.

సెషన్ ముగిశాక ఓ ల్యాపు బ్రేకు దాదాపు ముట్టకుండా తిరగండి. పిట్‌లో ఆగి పెడల్ తొక్కి పట్టుకోకండి, ప్యాడ్ ముద్ర డిస్కు మీద పడుతుంది. హ్యాండ్ బ్రేకు లాగొద్దు. గేర్లో వదిలి చక్రం కింద చెక్క పెట్టండి. సాయంత్రం హైదరాబాద్ దారి పట్టేముందు చక్రం సందులోంచి టార్చి వేసి ప్యాడ్ మందం చూడండి. మూడు మిల్లీమీటర్లు లేకపోతే డిక్కీలో తెచ్చుకున్న పాత స్టాక్ ప్యాడ్లు అక్కడే వేసుకుని బయల్దేరండి.