చూపుకు ముందు మాట: వాన్‌గో చిత్రాల ఎదుట క్యూరేటర్ వ్యాఖ్యానం, ప్రేక్షక ప్రతిస్పందన

వ్యాససంగ్రహం

మ్యూజియంలో క్యూరేటర్ వెంట నడిచే ప్రేక్షకుడు చిత్రానికి స్పందిస్తున్నాడా, చిత్రాన్ని గురించి విన్న కథకు స్పందిస్తున్నాడా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్‌గో మ్యూజియంలో ఉన్న నాలుగు చిత్రాలనూ, వాన్‌గో చిత్రాల విషయంలో లిఖితరూపంలో నిలిచిన కొన్ని ప్రతిస్పందనలనూ ఆధారంగా తీసుకొని, అభినవగుప్తుడు చెప్పిన రసవిఘ్నాల వెలుగులో ఈ చర్చ సాగుతుంది. వ్యాఖ్యానం ఒక విఘ్నాన్ని తొలగిస్తూనే మరొక విఘ్నాన్ని కల్పించగలదు. ఏది జరుగుతుందన్నది సమాచారం ఎంత ఇచ్చారన్న దానిపై కాక, అది ఎప్పుడు వచ్చింది, ప్రేక్షకుని చూపును ఎటు మళ్లించింది అన్న దానిపై ఆధారపడుతుందని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: క్యూరేటర్, ప్రేక్షకుడు, వాన్‌గో, రసవిఘ్నం, సాధారణీకరణం, ఆలంబన విభావం.

1. ఉపోద్ఘాతం

చిత్రాల ఎదుట నిలబడి సందర్శకులకు వాటిని వివరించే పద్ధతి సంస్థాగత రూపం పొంది నూరేళ్లు దాటింది. అమెరికాలోని బోస్టన్ లలితకళల మ్యూజియంలో బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ కృషితో 1907లో ‘డోసెంట్’ అనే పేరుతో వివరణకర్తల సేవ మొదలైంది. చిత్రాలను పరిశోధించి, ఎంపిక చేసి, గోడకు అమర్చిన క్యూరేటరే స్వయంగా సందర్శకులను తిప్పినప్పుడు ఆ వివరణకు మరింత ప్రామాణ్యం వస్తుంది. చిత్రం పక్కన అంటించిన చీటీని ప్రేక్షకుడు చదవకుండా దాటిపోవచ్చు. ఎదుట నిలిచి మాట్లాడే నిపుణుని మాటను అలా దాటిపోవడం కష్టం.

ఇటువంటి సందర్శన ముగిశాక ప్రేక్షకుడు సాధారణంగా చెప్పే మాట ‘ఇప్పుడు అర్థమైంది’ అన్నది. ఆ మాటలోని కృతజ్ఞత నిజమైనదే. అయితే అర్థమైనది చిత్రమా, చిత్రకారుని జీవితమా అన్నది ఆ మాటలో తేలదు. ఈ సందిగ్ధత ఎక్కువగా కనిపించే చిత్రకారులలో విన్సెంట్ వాన్‌గో ఒకడు. ఆయన 1890 జూలై 27న తనను తాను కాల్చుకొని, 29న 37వ ఏట మరణించాడు. ఆయన చిత్రాన్ని ఒక్కటి కూడా నేరుగా చూడనివారికి సైతం ఈ కథ తెలుసు. ఆయన పేరిట ఆమ్‌స్టర్‌డామ్‌లో 1973లో ప్రారంభమైన మ్యూజియంలోకి ప్రేక్షకుడు చాలా సందర్భాలలో ఆ కథతోనే ప్రవేశిస్తాడు. క్యూరేటర్ మాట మొదలుకాకముందే మరొక వ్యాఖ్యానం అతని మనసులో మొదలై ఉంటుంది.

2. సిద్ధాంత భూమిక

భారతీయ రసచర్చకు చిత్రకళ పరాయిది కాదు. నటుని చూసి ‘ఇతడు రాముడు’ అనుకొనే ప్రతీతిని శ్రీశంకుకుడు చిత్రతురగంతో పోల్చాడు. చిత్రంలోని గుర్రాన్ని చూసి ‘ఇది గుర్రం’ అనుకోవడం సత్యజ్ఞానమూ కాదు, మిథ్యాజ్ఞానమూ కాదు, సంశయమూ కాదు, సాదృశ్యజ్ఞానమూ కాదు. కళానుభవానికి దానిదైన ప్రతీతి ఒకటి ఉందని దీని సారాంశం. భట్టనాయకుడు ప్రతిపాదించిన సాధారణీకరణాన్ని గ్రహించి, అభినవగుప్తుడు తన అభినవభారతిలో రసప్రతీతికి ఏడు విఘ్నాలను చెప్పాడు. వాటిలో మూడు ప్రస్తుత చర్చకు అవసరం.

ఒకటి, భావాన్ని ‘ఇది నాది’ అనో ‘ఇది ఫలానా వ్యక్తిది’ అనో ఒక దేశానికి, కాలానికి కట్టివేయడం. రెండు, నిజసుఖాది వివశీభావం, అంటే ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలలో మునిగి ఉండడం. మూడు, ప్రతీత్యుపాయ వైకల్యం, అంటే గ్రహించడానికి తగిన సాధనాలు కొరవడడం.

నాటకాన్ని ఉద్దేశించిన ఈ విభాగాన్ని చిత్రానికి అన్వయించేటప్పుడు ఒక భేదాన్ని గుర్తించాలి. నాటకంలో ఆలంబన విభావం కృతి లోపలే ఉంటుంది. రాముని దుఃఖానికి స్పందించే ప్రేక్షకుడు భవభూతి దుఃఖానికి స్పందించడం లేదు. వాన్‌గో చిత్రాల విషయంలో మాత్రం చిత్రకారుడే ఆలంబనమైపోతున్నాడు. పొలం, గది, చెట్టు ఉద్దీపన సామగ్రిగా మిగులుతున్నాయి. క్యూరేటర్ వ్యాఖ్యానం ఈ మార్పును బలపరచగలదు, సరిదిద్దగలదు కూడా.

3. కాకులున్న గోధుమచేను: మాట మార్చిన చిత్రం

1890 జూలైలో వాన్‌గో ఫ్రాన్స్‌లోని ఓవేర్ గ్రామంలో గీసిన ‘కాకులున్న గోధుమచేను’ సుమారు 50 సెంటీమీటర్ల ఎత్తు, 103 సెంటీమీటర్ల వెడల్పు గల చిత్రం. బ్రిటిష్ విమర్శకుడు జాన్ బెర్జర్ 1972లో ఈ చిత్రంతో ఒక చిన్న ప్రయోగం చేశాడు. మొదట చిత్రాన్ని ఏ వివరమూ లేకుండా చూపించాడు. తరువాత అదే చిత్రాన్ని, చిత్రకారుడు ఆత్మహత్యకు ముందు గీసిన చివరి చిత్రమిదని చెబుతూ మళ్లీ చూపించాడు. చిత్రంలో ఒక్క గీత కూడా మారలేదు. చూసేవారికి మాత్రం అది మారిపోయింది. ఇప్పుడు బొమ్మ వాక్యానికి ఉదాహరణగా మారిందన్నది బెర్జర్ గమనింపు.

మార్పు తెచ్చిన ఆ వాక్యం వాస్తవానికి నిలవదు. ఇది వాన్‌గో చివరి చిత్రం కాదని నేటి పరిశోధన చెబుతోంది. ఇర్వింగ్ స్టోన్ 1934 నాటి నవల ఆధారంగా 1956లో వచ్చిన ‘లస్ట్ ఫర్ లైఫ్’ చలనచిత్రం ఈ చిత్రరచననూ తుపాకి దెబ్బనూ ఒకే దృశ్యంలో కలిపింది. ఆ కల్పన జనసామాన్యంలో చరిత్రగా స్థిరపడింది. ఆ నెలలోనే తమ్ముడు థియోకు రాసిన లేఖలో, కల్లోలిత ఆకాశం కింద విస్తరించిన గోధుమచేలను గీస్తూ దుఃఖాన్నీ తీవ్రమైన ఒంటరితనాన్నీ వ్యక్తం చేయదలచానని వాన్‌గో చెప్పాడు. పల్లెలో తనకు కనిపించే ఆరోగ్యాన్ని, బలాన్నిచ్చే గుణాన్ని కూడా ఆ చిత్రాలే చెబుతాయని అక్కడే అన్నాడు. మరణకథ వినిపించే వ్యాఖ్యానంలో మొదటి సగమే మిగులుతుంది. చేను పసుపుకూ ఆకాశపు నీలానికీ, బాట ఎరుపుకూ గడ్డి పచ్చకూ మధ్య చిత్రకారుడు నడిపిన వర్ణవైరుధ్యం ఎవరి కంటా పడదు. కాకులు ఇటు వస్తున్నాయా, అటు పోతున్నాయా అన్నది చిత్రం తేల్చకుండా వదిలింది. దానిని కథ తేల్చేస్తుంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఆంతొనాఁ ఆర్తో. చాలా ఏళ్లు మానసిక చికిత్సాలయాలలో గడిపి బయటికి వచ్చిన ఈ ఫ్రెంచి రచయిత 1947లో పారిస్‌లో వాన్‌గో ప్రదర్శన చూసి, ఆయనను చంపినది సమాజమేనని వాదిస్తూ ఒక ఉద్రిక్త వ్యాసం రాశాడు. అభినవగుప్తుని కొలమానంలో ఇది నిజదుఃఖ వివశత్వమే. అయినా ఆ వ్యాసం పదేపదే కాకుల నలుపు దగ్గరికి, నేల రంగు దగ్గరికి తిరిగివస్తుంది. సొంత గాయం ఆర్తోకు చూపును మూసివేయలేదు, పదును పెట్టింది. కనుక విఘ్నమన్న మాటను తీర్పుగా వాడరాదు. ప్రేక్షకుడు తన దుఃఖంతో చిత్రాన్ని చేరడం వేరు, ఇతరుడు అందించిన దుఃఖంతో చేరడం వేరు.

4. బూట్ల జత: విద్వాంసుల వివాదం

కథకు లొంగడం సామాన్య ప్రేక్షకుని బలహీనత మాత్రమే కాదు. వాన్‌గో 1886లో పారిస్‌లో గీసిన ‘బూట్లు’ చిత్రం ఇందుకు నిదర్శనం. జర్మన్ తాత్త్వికుడు మార్టిన్ హైడెగర్ 1930లో ఆమ్‌స్టర్‌డామ్‌లో చూసిన బూట్ల చిత్రాన్ని, కళాకృతి మూలాన్ని గురించిన తన వ్యాసంలో ప్రస్తావించాడు. ఆ అరిగిన తోలులో ఒక రైతుస్త్రీ నడకను, పొలం తేమను, భూమి మౌనాన్ని చూశాడు. ఆయన చూసినది ఈ చిత్రమేనని నిర్ధారించి, 1968లో కళాచరిత్రకారుడు మేయర్ షపీరో అభ్యంతరం తెలిపాడు. అవి రైతుస్త్రీవి కావనీ, అప్పటికి నగరవాసి అయిన చిత్రకారుని సొంత బూట్లనీ వాదించాడు. 1978లో జాక్ దెరిదా, ఆ బూట్లను ఎవరికో ఒకరికి అప్పగించాలన్న ఆత్రం ఇద్దరిలోనూ ఎందుకున్నదని ప్రశ్నించాడు. అసలవి ఒక జతేనా అని కూడా అడిగాడు.

క్యూరేటర్ స్థానం ఇక్కడ షపీరో స్థానానికి దగ్గరగా ఉంటుంది. కాలం, స్థలం, ఆధారం చూపి పొరపాటును దిద్దడం ఆ వృత్తిధర్మం. ఆ దిద్దుబాటు లేకపోతే ప్రేక్షకుడు పారిస్‌లో గీసిన చిత్రంలో పల్లెను వెదుకుతాడు. అయితే ‘ఇవి రైతుస్త్రీవి’ అన్న మాటకు బదులు ‘ఇవి విన్సెంట్‌వి’ అన్నంత మాత్రాన సాధారణీకరణం సిద్ధించదు. భావం ఒక వ్యక్తి నుంచి మరొక వ్యక్తికి బదిలీ అవుతుంది. వదులైన లేసులు, మడతపడిన తోలు, ఏ గదో ఏ వీధో తెలియనివ్వని నేపథ్యం, వీటిని చూడమని చెప్పేవారు ఇంకా కావాలి.

5. పడకగది: చూపుకు సాధనమైన మాట

వ్యాఖ్యానం చూపుకు అడ్డమే అవుతుందని దీన్నిబట్టి అనుకోరాదు. 1888లో ఆర్ల్ పట్టణంలో గీసిన ‘పడకగది’ చిత్రంలో నేడు గోడలు నీలంగా కనిపిస్తాయి. గీసిన నాటికి అవి లేత ఊదా రంగువి. ఆ ఊదాలో కలిసిన ఎరుపు వెలుతురుకు వెలిసిపోయి నీలం మిగిలింది. లేఖలలోని వర్ణనా, వర్ణద్రవ్యాల పరీక్షా రెండూ దీనిని సమర్థిస్తున్నాయి. ఈ చిత్రం చూసేవారికి విశ్రాంతి భావం కలగాలన్నది చిత్రకారుని ఉద్దేశం.

ఈ విషయం ఎంతసేపు చూసినా కంటికి దొరకదు. చెప్పేవారుంటేనే తెలుస్తుంది. ప్రతీత్యుపాయ వైకల్యానికి ఇది సరైన ఉదాహరణ. క్యూరేటర్ దీన్ని చెప్పినప్పుడు ప్రేక్షకుడు కాన్వాసును వదిలి కథలోకి పోడు. గోడల మీదికి మళ్లీ చూపు సారించి, మంచం పసుపు పక్కన ఊదా ఎలా ఉండేదో ఊహిస్తాడు. మంచి వ్యాఖ్యానానికి గుర్తు ఇదే. అది విన్న తరువాత ప్రేక్షకుడు మళ్లీ చిత్రం వైపే తిరుగుతాడు.

6. చెట్టువేళ్లు: సరిదిద్దిన కథ

నేటి పరిశోధకులు వాన్‌గో చివరి చిత్రంగా ఎక్కువగా గుర్తిస్తున్నది, అసంపూర్తిగా మిగిలిన ‘చెట్టువేళ్లు’. 2020లో వౌటర్ వాన్‌డర్ వేన్ అనే పరిశోధకుడు ఒక పాత పోస్టుకార్డు ఆధారంగా ఓవేర్‌లో ఆ వేళ్లున్న స్థలాన్ని గుర్తించాడు. మ్యూజియం పరిశోధకులు ఆ గుర్తింపును సమర్థించారు.

ఇది విలువైన దిద్దుబాటు. అయినా ఇందులో ఒక ప్రమాదం దాగి ఉంది. ‘చివరి చిత్రం’ అన్న బిరుదు కాకుల నుంచి వేళ్లకు బదిలీ అయింది, అంతే. నిన్న కాకులలో మృత్యువును చూసినవారు నేడు తెగిన వేళ్లలో అదే మృత్యువును చూడవచ్చు. వాస్తవం మారినా చూపు మారకపోవచ్చు. థియో బావమరిది ఆండ్రీస్ బోంగర్, వాన్‌గో మరణానికి ముందటి ఉదయం గీసిన చిత్రాన్ని గురించి రాస్తూ అది ఎండతో, జీవంతో నిండి ఉందన్నాడు. ఆ మాటలు ఈ చిత్రాన్ని ఉద్దేశించినవేనని పరిశోధకులు భావిస్తున్నారు. మరణం తెలిసిన ఆత్మీయుడు రాసిన మాట ఇది. కథ తెలిసీ చిత్రాన్ని చిత్రంగా చూడడం సాధ్యమేనని ఆ ఒక్క మాట నిరూపిస్తోంది.

7. మౌనమే పరిష్కారమా?

అలాగైతే క్యూరేటర్ మౌనంగా ఉండడమే మేలని కొందరు అనవచ్చు. ఆస్ట్రియా రచయిత హూగో ఫాన్ హాఫ్మన్‌స్తాల్ కల్పించిన ఒక లేఖ ఈ వాదానికి బలమిస్తుంది. స్వదేశం తిరిగివచ్చిన వ్యాపారి ఒకడు అనుకోకుండా ఒక చిత్రశాలలో అడుగుపెడతాడు. చిత్రాలు మొదట అతనికి కర్కశంగా, గందరగోళంగా కనిపిస్తాయి. క్రమంగా రంగులు అతనిని లోబరచుకుంటాయి. చిత్రకారుని పేరు వాన్‌గో అన్నది లేఖ ముగిశాక జోడించిన మాటలోనే వస్తుంది. పేరుకూ కథకూ ముందే చూపు పని పూర్తిచేసింది.

అయితే ఆ లేఖను కల్పించినది సంస్కారవంతుడైన కవి. పియెర్ బోర్ద్యూ, అలాఁ దార్బెల్ 1966లో ఐరోపా మ్యూజియం సందర్శకులపై ప్రచురించిన అధ్యయనం ఈ మౌనవాదంలోని మరొక కోణాన్ని చూపింది. వివరణ అక్కరలేదనేవారు ప్రధానంగా ఇంట్లోనూ బడిలోనూ ఆ సంస్కారం పొందినవారే. బాణం గుర్తులు, వివరణ ఫలకాలు, వెంట ఉండి చెప్పే మనిషి కావాలన్నవారు ఆ అవకాశం లేనివారు. ‘చూస్తే చాలు’ అన్న మాట అందరికీ సమానంగా వర్తించదు. సహృదయత్వం పుట్టుకతో వచ్చేది కాక అభ్యాసంతో ఏర్పడేదని మన అలంకారికులు కూడా అంగీకరించారు.

మూడవ మార్గం న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో కనిపించింది. అక్కడ విద్యావిభాగాన్ని నిర్వహించిన ఫిలిప్ యెనవైన్, మనస్తత్వ పరిశోధకురాలు అబిగైల్ హౌసెన్ తమ ఉపన్యాసాలలోని సమాచారం సందర్శకుల మనసులో నిలవడం లేదని గమనించారు. అందుచేత ముందుగా ప్రేక్షకుని చేతనే మాట్లాడించే పద్ధతిని రూపొందించారు. చిత్రంలో ఏమి జరుగుతోందో అతడే చెప్పాలి. అలా అనిపించడానికి చిత్రంలో ఆధారం చూపాలి. ఇంకా ఏమున్నదో వెదకాలి. ఇందులో ఆధారం చూపాలన్న నియమం ముఖ్యం. నోటికి వచ్చిన స్పందనను అది చిత్రానికి జవాబుదారీ చేస్తుంది. అయితే పడకగది గోడల ఊదా రంగు వంటి సత్యాలు ఈ సంభాషణ నుంచి మాత్రమే పుట్టవు. వాటి కోసం క్యూరేటర్ నోరు విప్పక తప్పదు.

8. ముగింపు

క్యూరేటర్ వ్యాఖ్యానాన్ని మూడు భాగాలుగా చూడవచ్చు. చిత్రంలో ఉన్నదాన్ని చూపే మాట, కంటికి కనిపించని సాధనాన్ని అందించే మాట, చిత్రకారుని జీవితాన్ని చెప్పే మాట. పై ఉదాహరణలను బట్టి వీటి క్రమం ఇదే కావడం మేలు. జీవితం చెప్పకూడదని దీని అర్థం కాదు. అది చివర వచ్చినప్పుడు, అప్పటికే చిత్రాన్ని తన కళ్లతో చూసిన ప్రేక్షకుడు ఆ కథను చిత్రంతో సరిచూసుకోగలడు. ముందే వస్తే ఆ అవకాశం ఉండదు.

ఈ ప్రశ్న మ్యూజియానికి పరిమితం కాదు. తెలుగు పాఠ్యపుస్తకంలో పద్యానికి ముందు కవి పరిచయం ఉంటుంది, తరగతిలో పాఠం కవి కాలాదులతో మొదలవుతుంది. విద్యార్థి పద్యం చదివేసరికి ఎవరి దుఃఖానికి దుఃఖించాలో అతనికి ముందే తెలిసి ఉంటుంది. పరీక్షలో అతడు రాసే ‘రసస్ఫూర్తి’లో పద్యానికి అతని స్పందన ఎంత, పరిచయానికి స్పందన ఎంత అన్నది అధ్యాపకుడు వేరుచేయలేడు. ఒక పద్యాన్ని పరిచయం లేకుండా ముందు చదివించి, కవి కాలాదులను చివరకు జరిపి చూడడం ఏ తరగతిలోనైనా సాధ్యమే. క్యూరేటర్‌కూ అధ్యాపకునికీ ఎదురుగా ఉన్న బాధ్యత ఒక్కటే. తన మాట పూర్తయ్యాక వినేవాడు తన ముఖం వైపు కాక కృతి వైపు తిరిగేలా చూడడం ఆ బాధ్యత.