కన్యాశుల్కము: మంచిచెడ్డల కొలత

మంచి యనునది దేశమును బట్టి, కాలమును బట్టి మారునా, లేక ఎల్లచోట్ల ఎల్లకాలము ఒక్కటియేనా యను ప్రశ్న మన ఇండ్లలో ఊరక పుట్టునది కాదు. పెండ్లిమాటలు నడుచునప్పుడు పుట్టును. మిట్టేమరిలో మా అరుగు మీద ఎన్నియో సంబంధముల మాటలు వింటిమి. పెద్దలు ‘శాస్త్రము మారదు’ అందురు. చదువుకొన్న పిల్లలు ‘ఎవరి ఆచారము వారిది, తప్పనుటకు మన మెవరము’ అందురు. ఈ రెండింటిలో ఏది నిజమని ఆలోచించినప్పుడెల్ల మాకు గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము జ్ఞాపకము వచ్చును. మేము పండితులము కాము. ఎస్.ఎస్.ఎల్.సి. వఱకు చదివి, కచేరీలో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నవారము. మా విమర్శలో లెక్కల వాసన తగిలినచో పాఠకులు మన్నింతురు గాక.

నాటకము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడినది. 1897లో అచ్చయినది. 1909లో అప్పారావుగారు దానిని చాల పెంచి తిరుగ వ్రాసిరి. నేడు మనము చదువునది ఆ రెండవ కూర్పే. అందలి భాష మనవారికి మొదట కొఱుకుడు పడదు. మన తెలుగులో కన్నడము కలిసినట్లు వారి తెలుగులో ఆ సీమ నుడికారము కలిసియున్నది. పైకి చదివినచో రెండు మూడు పుటలకే చెవికి అలవాటగును. బడిలో కన్నడము చదువు మన పిల్లలకు కూడ వినిపించి చూచితిమి, వారికి తెలిసినది.

మొదటి కూర్పునకు గ్రంథకర్త ఆంగ్లములో ఒక పీఠిక వ్రాసిరి. నాటకము కంటె ముందు మమ్ము పట్టుకొన్నది అందలి లెక్క. విజయనగర మహారాజుగారు విశాఖపట్టణ మండలములో మూడు సంవత్సరములలో బ్రాహ్మణ కుటుంబములందు శుల్కము పుచ్చుకొని జరిపిన వివాహములకు పట్టిక వ్రాయించిరట. వివరములు దొరకినవి 1,034. అందు అయిదేండ్ల పిల్లలు 99 మంది, నాలుగేండ్ల వారు 44, మూడేండ్ల వారు 36, రెండేండ్ల వారు 6, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల మూడువందల యేబది మొదలు నాలుగువందల రూపాయల వఱకు పలికినది. ఈ పట్టికలోని తండ్రులందఱు దుర్మార్గులని మేమనము. సంధ్య వార్చి, వేదము చెప్పుకొని, అతిథికి అన్నము పెట్టినవారే అందనేకులు. ఆచారము గనుక చేసిరి. ఆచారము మారుటచేత నేడు మనకది చెడుగా తోచుచున్నది గాని, ఆనాటికి చెడు కాదని వాదించువారికి ఇంతకంటె గట్టి సాక్ష్యము దొరకదు.

ఆ వాదమునకు మన తాలూకా మఱియొక సాక్ష్యము చేర్చగలదు. 1894లో మైసూరు సంస్థానమువారు బాల్యవివాహ నిషేధపు శాసన మొకటి చేసిరి. ఎనిమిదేండ్లు నిండని పిల్లకు పెండ్లి చేయుట, ఏబదేండ్లు దాటినవాడు పదునాలుగేండ్లు నిండని పిల్లను పెండ్లాడుట అందువలన నేరములైనవి. బాగేపల్లి నాడు ఆ సంస్థానపు కోలారు జిల్లాలోనిది. తాలూకా యెల్ల దాటిన అనంతపురము జిల్లా, అనగా మద్రాసు రాజధాని. అక్కడ అట్టి శాసనము లేదు. 1929లో శారదా చట్టము వచ్చు వఱకు రాలేదు. ముసలివాడైన లుబ్ధావధానులు అగ్నిహోత్రావధానుల చిన్నకూతురు సుబ్బిని పదునెనిమిది వందలకు బేరమాడి పెండ్లాడ నిశ్చయించుటయే గదా నాటకమునకు మూలము! ఆ పెండ్లి మిట్టేమరిలో జరిగియున్న పెండ్లికొడుకు న్యాయస్థానమున నిలువవలసియుండును. ఎల్లకు ఆవల జరిగియున్న తాంబూలము పుచ్చుకొని ఆశీర్వదింపవలసియుండును. ఒకే పని యిటు నేరము, అటు శుభకార్యము. మంచిచెడ్డలు సర్వే రాళ్లను బట్టి మారునని చెప్పుటకు ఇంక కొదువ యేమి?

కొదువ యొకటి కలదు. ఎల్లకు ఈవలనైనను ఆవలనైనను సుబ్బి సుబ్బియే. మారినది ఆ పనికి పెద్దలు పెట్టిన పేరు మాత్రమే.

మా తాతల కాలమున ఈ ప్రాంతపు పలు కులములలో ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకొనుట మర్యాద. ఇప్పుడు కట్నమిచ్చి పిల్లను పంపుట మర్యాద. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినను ఆ మర్యాదకు లోటు రాలేదు. గుమాస్తా కన్నుతో చూచినచో, జమ వైపున నున్న పద్దు ఖర్చు వైపునకు మారినది, అంతే. పిల్ల యిష్టమునకు ఆ పుస్తకములో ఏనాడును పద్దు లేదు. ఆచారములు మారుచుండగా మారక నిలిచిన తప్పు ఇదియే యని మేము గ్రహించితిమి. అప్పారావుగారి చూపు కూడ ఇక్కడనే నిలిచినది. సుబ్బి పెండ్లికూడదని తల్లి వెంకమ్మ యేడ్చును, అగ్నిహోత్రావధానులు మండిపడును. ఆ బేరములో సుబ్బి మాటకు విలువ కట్టినవారు లేరు. పెద్దకూతురు బుచ్చమ్మ అట్టి బేరము వలననే విధవయై ఇంట నున్నను ఆ తండ్రికి బుద్ధి రాలేదు.

‘శాస్త్రము మారదు’ అను మాట అగ్నిహోత్రావధానులది. ‘ఏది మంచి యన్నది చెప్పువాని నేర్పును బట్టి యుండును’ అను పోకడ గిరీశముది. వితంతు వివాహము ఉత్తమమని ఉపన్యసించును, అది బుచ్చమ్మను లేవదీసికొని పోవుటకు. రేపు తనకు లాభమైనచో దాని కెదురు మాటయు అంతే సొంపుగా చెప్పగలడు. ఒకడు మారని ధర్మము పేరిట, ఒకడు మారు ధర్మము పేరిట, ఇద్దఱును ఆడపిల్లను అడుగకుండుటకే దారి వెదకిరి. మన అరుగు మీది పెద్దలును పిల్లలును కొంచెము ఆలోచింపవలె నందుమా? చదువరులు గిరీశము మాటలకు నవ్వి నవ్వి బుచ్చమ్మను మఱచుట మాత్రము మాకు కష్టముగా నుండును. ఈ తప్పులో కొంత గ్రంథకర్తది కూడ. అంత ముచ్చటైన దుష్టుని సృష్టింపకుండిన బాగుండెడిదేమో!

మఱి మంచిపనికై చెప్పిన అబద్ధము మాట యేమి? వెంకమ్మ తమ్ముడు కరటకశాస్త్రి, మేనకోడలిని రక్షించుటకు తన శిష్యునికి ఆడవేషము వేసి లుబ్ధావధానులకు కట్టబెట్టును. సుబ్బి బ్రతికినది. కాని ఆ కపట వధువు మాయమగుటతో ముసలివాని మీద హత్యానేరము వచ్చి పడినది. అబద్ధము మంచిదైపోయెనని ఇక్కడ గ్రంథకర్త అనలేదు, కూడనిపని అనియు అనలేదు. అది అప్పు వంటిదని చూపిరి. అప్పు చేయక తప్పని వేళలు కలవు, కాని దానిని ఎవరో తీర్పవలెను. తీర్చినది మధురవాణి.

ఆమె సౌజన్యారావు పంతులు నొద్దకు పురుషవేషమున వచ్చు ఘట్టము నాటకమునకు ప్రాణము. పంతులు నిజముగా మంచివాడు, లుబ్ధావధానుల తరపున శ్రమపడు వకీలు. భోగముస్త్రీలను దగ్గఱకు రానీయనను నియమము గలవాడు. ఆ నియమము చెడ్డదా? ఆ కులవృత్తి వలని అనర్థములు ఎఱిగినవాడే ఆ నియమము పట్టును. కాని ఆ నియమపు తలుపు వెనుకనే ఒక నిరపరాధిని కాపాడగల సాక్ష్యము నిలుచున్నది. వేషము తీసిన తరువాత పంతులు సందిగ్ధమున పడుట, ఆమె తాను కోరిన ముద్దును తానే వదలుకొనుట, చెడనివారిని చెడగొట్టవద్దని తల్లి చెప్పిన మాటను తలచుకొనుట మేమెన్నిమార్లు చదివితిమో లెక్క లేదు. నియమము తప్పినది పంతులు, నిలిపినది వేశ్య. మంచి యనునది స్థిరమే గాని, అది మనము వ్రాసిపెట్టిన నియమముల చిట్టాలో ఎల్లప్పుడు నుండదు. ఎదుట నిలిచిన మనిషిని చూడక దాని జాడ దొరకదు. పంతులు ఆమెకు భగవద్గీత నిచ్చుట కొందఱికి వింతగా తోచును. మాకు తోచలేదు.

ఒక్క మాట దాచరాదు. 1986లో మా బంధువుల ఇంట తొమ్మిదవ తరగతి చదువు పిల్లకు పెండ్లి కుదిరినది. ఆడపిల్లకు పదునెనిమిదేండ్లు నిండవలెనని చట్టమైనది 1978లోనే, ఆ సంగతి మాకు తెలియును. పిల్ల వయసును తెలియును. దస్తూరి బాగుండునని లగ్నపత్రిక మా చేతనే వ్రాయించిరి. ఆమె గడప దగ్గఱ నిలిచి చూచుచుండెను. ఎవరి ఆచారము వారిదని మనసునకు చెప్పుకొని వ్రాసితిమి. ఆనాటికే కన్యాశుల్కము రెండుమార్లు చదివియుంటిమి.

ఉగాదికి మన సంఘములో నాటక పఠనము పెట్టుదురు. ప్రతిసారియు గిరీశము, వెంకటేశముల సంభాషణయే చదివింతురు, అందఱును నవ్వుదురు. ఈసారి ఏడవ అంకములో మధురవాణి వచ్చు భాగమును చదివింపవలెనని మా మనవి. పంతులు మాటలు మేము చదువుటకు సిద్ధముగా నున్నాము. మధురవాణి మాటలు మన ఆడపిల్లలలో ఎవరైన చదువవలెను. అయితే వారిని ముందుగా అడిగి చూడుడు.