‘నలుగురిలో ఒకరు’: మెండెల్ నిష్పత్తుల తెలుగు వివరణ – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
మెండెల్ అనువంశిక సూత్రాలను వివరించేటప్పుడు 3:1 నిష్పత్తిని ముందే ఖరారైన పంపకంగా చెప్పే ధోరణి మన బోధనలో కనిపిస్తుంది. 1866 నాటి మెండెల్ వ్యాసంలోని గణాంకాల వెలుగులో ఈ ధోరణిని పరిశీలించడం, ‘బహిర్గతం’, ‘అంతర్గతం’ అనే పారిభాషిక పదాల శక్తినీ పరిమితులనూ వివేచించడం, కొడవలి కణ రక్తహీనత విషయంలో ఈ వివరణ పర్యవసానాలను చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మెండెల్, అనువంశికత, సంభావ్యత, బహిర్గతం, అంతర్గతం, కొడవలి కణ రక్తహీనత.

1. ఉపోద్ఘాతం:
గ్రెగర్ మెండెల్ (1822–1884) బ్రూన్ నగరంలోని మఠం తోటలో 1856 నుంచి 1863 వరకు బఠాణీ మొక్కలపై సంకరణ ప్రయోగాలు చేశారు. ఫలితాలను 1865 ఫిబ్రవరి, మార్చి నెలల్లో స్థానిక ప్రకృతిశాస్త్ర సంఘం సమావేశాల్లో చదివారు. అవి 1866లో అచ్చయ్యాయి. అయితే విద్యార్థికి ఆ వ్యాసం నేరుగా అందదు. నాలుగు గళ్ల పన్నెట్ చతురస్రం ద్వారా అందుతుంది. ఆ చతురస్రం మెండెల్‌ది కాదు, ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో ఆర్.సి. పన్నెట్ ప్రవేశపెట్టినది. బీజకణాలు ఎన్ని విధాలుగా కలవవచ్చో అది చూపుతుంది. పుట్టిన సంతానాన్ని లెక్కపెట్టి చూపదు. బోధనలో ఈ తేడా చెరిగిపోతున్నదన్నదే ఇక్కడి ప్రధాన విమర్శ.

2. మెండెల్ గణాంకాలు చెప్పేది:
గింజ ఆకారానికి సంబంధించిన ప్రయోగంలో 253 సంకర మొక్కల నుంచి 7,324 గింజలు లభించాయి. వాటిలో 5,474 గుండ్రనివి, 1,850 ముడతలు పడినవి. నిష్పత్తి 2.96:1. పాఠాలు సాధారణంగా ఇక్కడితో ఆగుతాయి. మెండెల్ ఆగలేదు. ఒక మొక్కలో 43 గుండ్రని గింజలకు 2 మాత్రమే ముడతలవి వచ్చాయనీ, మరో మొక్కలో 14 గుండ్రనివైతే 15 ముడతలవి వచ్చాయనీ నమోదు చేశారు. గింజ రంగు విషయంలోనూ ఒక మొక్కలో 32 పసుపు, 1 ఆకుపచ్చ. ఇంకొక దానిలో 20 పసుపు, 19 ఆకుపచ్చ.

ఈ వివరాలు నిష్పత్తికి అపవాదాలు కావు, దాని స్వభావానికి నిదర్శనాలు. వేల గింజల మీద స్థిరంగా కనిపించే నియమం ఒక్క మొక్క మీద ఎంత చెదిరిపోగలదో అవి చెబుతున్నాయి. ఒక మొక్కకు ముప్పై, నలభై గింజలు ఉన్నప్పుడే ఇంత వ్యత్యాసం ఉంటే, ఇద్దరు ముగ్గురు పిల్లలున్న కుటుంబంలో 3:1 కచ్చితంగా కనిపించాలని ఆశించడం అసంగతం.

3. పరిభాష – శక్తి, పరిమితి:
‘బహిర్గతం’, ‘అంతర్గతం’ తెలుగు మాధ్యమ పాఠాల్లో స్థిరపడిన జంట పదాలు. మెండెల్ వాడిన పదాలకు ‘ఆధిపత్యం వహించేది’, ‘వెనక్కి తగ్గేది’ అని అర్థం. వాటికంటే తెలుగు పదాలే ఒక విషయంలో మెరుగైనవి. కనిపించని లక్షణపు కారకం నశించలేదు, పలచబడలేదు, లోపలే ఉంది అన్న మూలభావనను ‘అంతర్గతం’ సూటిగా అందిస్తుంది. ‘ప్రబలం’ అన్న మాట వాడితే బలం, వ్యాప్తి అనే అర్థాలు వెంట వస్తాయి. ఈ పొరపాటు మన భాషకే పరిమితం కాదు. పొట్టి వేళ్ల లక్షణం బహిర్గతమైతే కాలక్రమంలో జనాభాలో అది 3:1గా పెరగాలి కదా అన్న వాదనకు గణితవేత్త జి.హెచ్. హార్డీ 1908లో సమాధానం రాయవలసి వచ్చింది. బహిర్గతం కావడానికీ, జనాభాలో విస్తరించడానికీ సంబంధం లేదని ఆయన నిరూపించారు.

అయితే ‘అంతర్గతం’ అన్నది యుగ్మవికల్పానికి పుట్టుకతో వచ్చిన గుణంలా వినిపించడం ఈ పరిభాషలోని లోపం. కొడవలి కణ యుగ్మవికల్పాన్నే తీసుకుందాం. ఒక్కటే ఉన్న వ్యక్తి సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటాడు కనుక వ్యాధి దృష్టితో అది అంతర్గతం. అదే వ్యక్తి రక్తాన్ని ఎలక్ట్రోఫోరెసిస్‌కు గురిచేస్తే రెండు రకాల హిమోగ్లోబిన్‌లూ కనిపిస్తాయి. ఆ స్థాయిలో రెండూ సహబహిర్గతాలే. కాబట్టి ఈ పదాలు మనం ఏ స్థాయిలో చూస్తున్నామో దానిపై ఆధారపడినవని బోధించాలి. వాహకులను రక్తపరీక్షతో గుర్తించగలగడానికి ఆధారం ఇదే.

4. ‘నలుగురిలో ఒకరికి’ అనే వాక్యం:
కొడవలి కణ రక్తహీనత నిర్మూలనకు 2047 లక్ష్యంగా జాతీయ కార్యక్రమం 2023 జులైలో ప్రారంభమైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల ఆదివాసీ ప్రాంతాలూ దాని పరిధిలో ఉన్నాయి. కనుక మెండెల్ నిష్పత్తి ఇప్పుడు తరగతి గదికే పరిమితమైన విషయం కాదు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ‘నలుగురు పిల్లల్లో ఒకరికి వ్యాధి వస్తుంది’ అని చెబితే, ఆ మాట తెలుగులో పంపకంలా వినిపిస్తుంది. మొదటి బిడ్డకు వ్యాధి వస్తే మిగతా ముగ్గురికి భయం లేదని వినేవారు అనుకోవడంలో వింత లేదు. వాక్యమే అలా చెబుతోంది.

లెక్క వేరు. అలాంటి దంపతులకు నలుగురు పిల్లలు కలిగితే సరిగ్గా ఒక్కరికే వ్యాధి ఉండే సంభావ్యత సుమారు 42 శాతం. ఎవరికీ లేకపోవడానికి సుమారు 32 శాతం, ఇద్దరికి లేదా అంతకంటే ఎక్కువమందికి ఉండడానికి సుమారు 26 శాతం. ‘నలుగురిలో ఒకరు’ అన్నది సగానికి పైగా సందర్భాల్లో నిజం కాదన్నమాట. ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక పాలు అవకాశం కొత్తగా ఉంటుంది. ముందు పుట్టిన బిడ్డల స్థితి దాన్ని మార్చదు.

5. మూడింట రెండు పాళ్లు:
వ్యాధిగ్రస్తుల ఆరోగ్యవంతులైన తోబుట్టువులు వాహకులయ్యే అవకాశం ఎంత? చతురస్రం చూసి సగం అని చెప్పడం పరిపాటి. కానీ ఆ వ్యక్తికి వ్యాధి లేదని తెలిసినప్పుడు నాలుగు గళ్లలో ఒకటి తొలగిపోతుంది. మిగిలిన మూడింటిలో రెండు వాహకులవి. మెండెల్ దీన్నే ప్రయోగంలో చూపారు. గుండ్రని గింజల నుంచి పెంచిన 565 మొక్కల్లో 193 గుండ్రని గింజలనే ఇచ్చాయి. 372 రెండు రకాలూ ఇచ్చాయి. తోబుట్టువు వాహకుణ్ణి పెళ్లాడితే బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం ఆరింట ఒకటి, ఎనిమిదింట ఒకటి కాదు. మేనరికాల్లో ఒకే పూర్వికుల యుగ్మవికల్పం ఇద్దరికీ చేరే వీలు ఎక్కువ కాబట్టి ఈ వివేచన మరింత అవసరం. రక్తపరీక్ష సందేహం తీరుస్తుంది, నిజమే. కానీ పరీక్షకు వెళ్లాలన్న ప్రేరణ లెక్క నుంచే రావాలి.

6. ముగింపు:
పన్నెట్ చతురస్రం ఉపయోగకరమైన సాధనం. దాన్ని విడిచిపెట్టాలని ఈ వ్యాసం వాదించడం లేదు. దానితోపాటు మెండెల్ మొక్కవారీ గణాంకాలను పాఠంలో చేర్చడం, ‘నలుగురిలో ఒకరికి’ బదులు ‘ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక పాలు’ అనడం, బహిర్గత–అంతర్గతాలను పరిశీలనా స్థాయితో జోడించి చెప్పడం అవసరం. అనువంశిక సూత్రం చెప్పేది అవకాశాన్నే. దాన్ని విధిరాతగా మార్చేది మన వాక్యనిర్మాణం. దాన్ని సవరించుకోవడం బోధకుల చేతిలో ఉన్న పని.