మన్నాడు, మత్తోండు

ఏ రోజు పేపరు తిరగేసినా ఎక్కడో ఒకచోట ‘మనుగడ’ కనిపిస్తుంది. చేనేత మనుగడ, పులుల మనుగడ, చిన్న బడుల మనుగడ. దాని పక్కనే ‘ప్రశ్నార్థకం’ అనో ‘ప్రమాదంలో’ అనో ఉంటుంది. చల్లగా బతుకుతున్నవాళ్ల మనుగడ గురించి ఎవరూ రాయరు. ఈ మాట ఇంతగా చలామణీలో ఉంది గానీ దాన్ని కన్న క్రియ మాత్రం మన నోళ్లలోంచి తప్పుకుంది. మను అంటే బతుకు, ఉండు, నిలుచు. ‘మా తాత తొంభై ఏళ్లు మన్నాడు’ అని ఇవాళ ఎవరైనా అంటే ఇంట్లో వాళ్లే మళ్లీ చెప్పమంటారు.

వ్యాకరణం వైపు నుంచి చూస్తే ఆ వాక్యంలో తప్పేమీ లేదు. అను, కను, కొను, చను, తిను, మను, విను ఒక కోవలోవి. విన్నాడు, వింటాడు, వినడు, వినగలడు అన్నట్టే మన్నాడు, మంటాడు, మనడు, మనగలడు. కాగితం మీద గళ్లు గీసుకుంటే అన్నీ నిండుతాయి. నిండిన గళ్లలో వాడుకలో ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని: మనగలదు, మనలేదు, మనాలంటే. అవి కూడా వ్యాసాల్లో, ఉపన్యాసాల్లో. ‘ఈ చెప్పులు బాగా మన్నాయి’ అనే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. అది మన్ను అనే తోబుట్టువు, మన్నిక దాని బిడ్డ. నిఘంటువుల్లో మనువుకు పెళ్లి అనే కాక బతుకు అనే అర్థం కూడా ఉంది. ఇదే కోవలోని చను సంగతి చూడండి. ఒకప్పుడు ఏ ఊరికి వెళ్లినా చనడమే. ఇప్పుడు ‘చనిపోయాడు’లో తప్ప అది మాటల్లో వినిపించదు. వెళ్లడానికి పుట్టిన క్రియ చివరి ప్రయాణానికి, బతకడానికి పుట్టిన క్రియ ఆపద వార్తలకు పరిమితమయ్యాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

ఇలా సగం రూపాలు రాలిపోయిన క్రియలు ఇంగ్లీషులోనూ ఉన్నాయి. గేట్ల మీద కుక్క బొమ్మ పక్కన రాసే ‘బివేర్’ అలాంటిదే. జాగ్రత్త అని హెచ్చరించడానికి పనికొస్తుంది గానీ, నిన్న జాగ్రత్తపడ్డాను అని చెప్పడానికి నేటి ఇంగ్లీషులో దానికి భూతకాలం లేదు. ఆశ్రమ పాఠశాలల్లో పిల్లలకు ఇంగ్లీషు క్రియల పట్టికలు వల్లె వేయిస్తారు. ఆమ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీన్. ఒకే క్రియకు ఇన్ని పొంతన లేని ముఖాలేమిటని పిల్లలు తికమకపడటం న్యాయమే. అవి ఒక్క క్రియవి కావు, వేరువేరు ధాతువులు కలిసిపోయి ఒకటైనవి. అందులో వాజ్‌కు మూలమైన పాత ధాతువుకు అర్థం నివసించు, నిలిచి ఉండు. ఒకచోట కాపురముండటం అనే అర్థం నుంచే ‘ఉండెను’ అనే అర్థం వచ్చిందన్నమాట.

ఈ మాట చెబితే మా వైపు కోయ పిల్లలకు ఆశ్చర్యం కలగదు. భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్లినా, ఇటు చింతూరు, కూనవరం వైపు తిరిగినా వాళ్ల ఇళ్లలో ‘ఉండు’ అనడానికి ఉన్న క్రియ మన్. అదే మను. మనం పత్రికల్లో ఆపదకు దాచిపెట్టుకున్న క్రియతో వాళ్లు ఇంట్లో బియ్యం ఉన్న సంగతి, గొడ్డు కొట్టంలో ఉన్న సంగతి చెప్పుకుంటారు. వాడు ఉండెను అనడానికి ఓండు మత్తోండు. అది ఉండెను అనడానికి మత్తె. తిన్నాడు అనడానికి తిత్తోండు. మన తిన్నాడు, మన్నాడు జంటను వాళ్ల తిత్తోండు, మత్తోండు జంట పక్కన పెట్టండి. మనం ‘న’ను ఒత్తిన చోట వాళ్లు ‘త’ను ఒత్తారు. వ్యాకరణ పుస్తకం తెరవకుండానే చుట్టరికం చెవికి తెలుస్తుంది.

కోయను తెలుగు యాసగా చూసేవాళ్లు మా జిల్లాల్లో చదువుకున్నవాళ్లలోనే చాలామంది ఉన్నారు. ఆ మాట విన్నప్పుడు నేను ఊరుకోలేను. కోయ గోండీకి చెందిన మాట. తెలుగు, గోండీ, కొండ, కుయి, కువి, పెంగో భాషలు ద్రావిడ భాషల్లో ఒకే శాఖవి. వీటిలో తెలుగు తప్ప తక్కినవన్నీ ‘ఉండు’ అనే అర్థంలో మన్‌ను రోజూ వాడుతున్నాయి. ఆ పనిని ఉండుకు అప్పజెప్పి మనును అటక మీద పెట్టింది తెలుగే. కాబట్టి ఈ ఒక్క క్రియ విషయంలో పాత ఆస్తిని కాపాడుకున్నవాళ్లు గూడేల వాళ్లు. మన పద్యాల్లో, వ్యాసాల్లో మాత్రమే దొరికే ధాతువు వాళ్ల పొయ్యి దగ్గర ఉంది.

క్రియారూపాలు సేకరించడం ఒక పనితనం. నోటుపుస్తకంలో గళ్లు గీయడం సులువు: నేను, నువ్వు, వాడు, అది, మేము, మనం, మీరు, వాళ్లు, అవి. నింపడంలోనే ఉంది కష్టమంతా. ‘నేను ఉన్నాను’ అన్నదాన్ని కోయలో ఏమంటారని అడిగితే ఎదుటి మనిషి ‘నువ్వు ఉన్నావు’ అని చెబుతుంది. ఆమె తప్పు కాదు. ఎదురుగా కూర్చుని నేనున్నాను అంటున్నది మీరు, ఆమె దృష్టిలో ఉన్నది మీరే. భాషలు రాసుకోవడానికి ఊళ్లు తిరిగేవాళ్లందరికీ ఎదురయ్యే సంగతి ఇది. మేము, మనం మధ్య తేడా కోయలోనూ ఉంది గనుక ‘మేమున్నాం’ అని అడిగినప్పుడు అందులో మిమ్మల్ని కలుపుకోవాలా వద్దా అని ఆమె ఒక్క క్షణం మీ ముఖంలోకి చూస్తుంది. ఆ క్షణాన్ని తొందరపెట్టకూడదు.

నాకు తెలిసిన మంచి దారి ఒక్కటే. రూపం అడగకుండా సంగతి అడగడం. ‘పెద్దమ్మా, నిన్న సంతకు మీ ఆయన వచ్చాడా, ఇంటి దగ్గరే ఉన్నాడా?’ అంటే తెలుగులో మొదలుపెట్టినా పక్కనున్న కోడలితో మాట్లాడేటప్పుడు కోయలోకి జారుతుంది. మత్తోండు అప్పుడు దానంతట అదే వస్తుంది. ఇప్పపూల కాలంలో పూలు ఎండబోసిన చాపల దగ్గర, తునికాకు కట్టలు కట్టే చోట ఇలాంటి మాటలు పుష్కలంగా దొరుకుతాయి. పట్టిక ముందుపెట్టుకుని అడిగితే గంటకు దొరకని రూపం, పోయిన ఏడాది ఎవరింట్లో ఎవరున్నారో చెప్పుకునే నాలుగు మాటల్లో మూడుసార్లు వినిపిస్తుంది. విన్నది వెంటనే తెలుగు లిపిలో రాసుకుని, మళ్లీ చదివి వినిపించి, ఆమె తల ఊపేదాకా ఆగాలి. ఊపకపోతే ఆ రాత కొట్టేయాలి.

ఈ పని మనతో మొదలవ్వలేదు. దుమ్ముగూడెంలో ఉన్న చర్చ్ మిషనరీ సొసైటీ పాదిరి జాన్ కెయిన్ 1870ల్లోనే భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి ఇండియన్ యాంటిక్వరీలో రాశారు. గ్రియర్సన్ భాషా సర్వేలో ద్రావిడ భాషల సంపుటం 1906లో వచ్చింది. గోండీ కింద కోయకు అందులో చోటు ఉంది. స్టీఫెన్ టైలర్ గోదావరి ఒడ్డున ఉండే గొమ్ముకోయల భాషకు రాసిన వ్యాకరణాన్ని 1969లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అచ్చువేసింది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో 8 భాషల్లో గిరిజన పిల్లలకు తల్లిభాషా వాచకాలు మొదలైనప్పుడు కోయ కూడా వాటిలో ఉంది, తెలుగు లిపిలోనే. అయినా మన్ అనే క్రియకు ఊరూరి రూపాలన్నీ చూపే పట్టిక ఒక్కటి తెలుగులో ఉపాధ్యాయుడి చేతికి అందేలా ఉంటే ఎంత బాగుండేదని ప్రతి బడిలోనూ అనిపిస్తుంది. ‘ఉన్నాడు’ అనే వర్తమాన రూపం ఊరు మారితే కొంచెం మారుతుంది. వాచకంలో ఒకటి, ఇంట్లో ఒకటి ఉంటే పిల్లవాడు ఇంటిదే తప్పనుకుంటాడు. తప్పు కాదని చెప్పగలిగే ఆధారం పంతులు దగ్గర ఉండాలి.

2011 జనగణనలో కోయ తల్లిభాషగా చెప్పినవాళ్లు 4 లక్షలకు పైనే. కానీ వాళ్ల నేల ఎన్ని చేతులు మారిందో లెక్కపెట్టండి. భద్రాచలం తాలూకా 1874లో మధ్య పరగణాల నుంచి గోదావరి జిల్లాకు వచ్చింది. 1959లో ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం మండలంలోని గ్రామాలు అటు పోయి ఊరు మాత్రం తెలంగాణలో మిగిలింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా, ఒడిశాలో మల్కన్‌గిరి కోయలు ఎలాగూ వేరు. ఒకే క్రియను చెప్పే పిల్లలు ఇవాళ నాలుగు రాష్ట్రాల పాఠ్యపుస్తకాలు మోస్తున్నారు.

పైగా పోలవరం ముంపు ఊళ్ల వాళ్లు పునరావాస కాలనీలకు మారుతున్నారు. ఏరుకు ఈ ఒడ్డు వాళ్లూ ఆ ఒడ్డు వాళ్లూ ఒకే వీధిలో పడతారు, చుట్టూ తెలుగు ఇళ్లు ఉంటాయి. ఒక తరం గడిచేసరికి ఊరూరి రూపాలు కలిసిపోతాయి, కొన్ని పోతాయి. భాష మారడం సహజమే, దానికి నేను అడ్డు చెప్పను. మారకముందు ఎలా ఉండేదో రాసిపెట్టకపోవడం మాత్రం మన చేతిలో ఉన్న తప్పు.

దుమ్ముగూడెం, చర్ల, చింతూరు బడుల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఈ పని అప్పజెప్పవచ్చు. ఇంగ్లీషు బీ క్రియ పట్టిక రాయించిన పేజీకి ఎదురు పేజీలో మన్ పట్టిక రాయించండి. ఇంట్లో అమ్మమ్మనో తాతనో సంగతులు అడిగి వాళ్ల నోట విన్నదే గళ్లలో పెట్టమనండి. పైన రెండు గళ్లు అదనంగా గీయించండి: చెప్పిన మనిషి వయసు, ఊరు. చెప్పే ముసలమ్మ ఇప్పుడు కాలనీలో ఉంటున్నా సరే, ఊరి గడిలో ఆమె మాట నేర్చిన పాత ఊరి పేరే రాయించండి.